పాత మినీ బస్సును ఇల్లులా మార్చుకుని ఇద్దరం తిరగాలంటే మన దగ్గర కుదురుతుందా?

కానూరు లెక్చరర్

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, కానూరు. వచ్చే ఏడాది రిటైరవుతున్నాను. పిల్లలు స్థిరపడ్డారు, ఇంట్లో మేమిద్దరమే.

న్యూజిలాండ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు సౌత్ ఐలాండ్ అంతా కారులో తిప్పారు. పుకాకి సరస్సు ఒడ్డున ఒక పాత బస్సు ఆగి ఉంది. అందులో పెద్ద వయసు దంపతులు కాపురం ఉంటున్నారు. ఇల్లు అమ్మేసి బస్సు కొనుక్కున్నారట. మా అల్లుడు మాట కలిపితే లోపలికి పిలిచి చూపించారు. వెనక మంచం, పక్కన వంటగట్టు, మూలన చిన్న కట్టెల పొయ్యి, దాని గొట్టం పైకప్పులోంచి బయటికి. రాత్రికి అద్దె లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు, దీన్ని ఫ్రీడమ్ క్యాంపింగ్ అంటారని చెప్పారు. నేను బాగుందనుకుని ఊరుకున్నాను. మా ఆవిడ ఊరుకోలేదు. తిరిగొచ్చినప్పటి నుంచి పాత బస్సుల ప్రకటనలు ఆవిడే నాకు పంపిస్తోంది.

ఇప్పుడు తెలిసిన స్కూలు వాళ్ల మినీ బస్సు ఒకటి అమ్మకానికి వచ్చింది. 2016 మోడల్, ఇంజన్ బాగానే ఉందంటున్నారు. దాన్ని మార్పించుకుని ఏడాదిలో కొన్ని నెలలు తిరగాలని ఆశ. సూర్యలంక, మారేడుమిల్లి, గండికోట, ఓపికుంటే కాశీ దాకా. బస్సు ఎలా తయారు చేయించాలో ఎవరో ఒకరు చెప్తారు. నా బెంగ వేరే. రాత్రిపూట ఎక్కడ ఆపుకోవాలి? పోలీసులు ఏమంటారు? ఆ కాస్త చోట్లో ఇద్దరం కొట్టుకోకుండా ఉండగలమా? నిజంగా తిరిగినవాళ్లు ఉంటే రాయండి. వీడియోల లింకులు పంపకండి, అన్నీ చూసేశాం.

ఆటోనగర్ వెల్డర్

సార్, నేను జవహర్ ఆటోనగర్‌లో బాడీ పని చేస్తాను. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆర్‌సీలో జీవీడబ్ల్యూ, అంటే బండీ లోడూ కలిపి మొత్తం బరువు, ఎంతుందో చూడండి. 7500 కేజీలు దాటకపోతే మీ కారు లైసెన్సుతో నడుపుకోవచ్చు. దాటిందంటే హెవీ లైసెన్సు కావాలి, ఈ వయసులో ఆ తిరుగుడు మీకెందుకు.

స్కూలు బస్సు పసుపు బోర్డు బండి. సొంత వాడకానికి తెల్ల బోర్డుకి మార్పించాలి, పసుపు రంగు కూడా తీయించాలి. సీట్లు పీకి మంచం వేయడం అంటే మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 కిందికి వస్తుంది. ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించుకోవాలి. లేకపోతే రేపేదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు ముందు పట్టుకునేది అదే. రవాణా శాఖ జాబితాలో మోటార్ కేరవాన్, క్యాంపర్ వ్యాన్ అని వేరే తరగతులే ఉన్నాయి, కేరవాన్లకి ఏఐఎస్ 124 అని స్టాండర్డ్ ఉంది. ఏ తరగతిలో రాస్తారో, ఏ డ్రాయింగులు అడుగుతారో ఆఫీసులో కనుక్కున్నాకే పని మొదలుపెట్టండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మంచం, కిచెన్ అన్నీ చేయించాక కాగితాల కోసం తిరుగుతారు.

పనిలో అసలు శత్రువు బరువు. ఇంట్లో కప్‌బోర్డులకి వాడే 19 ఎంఎం ప్లైవుడ్డు బస్సంతా కొట్టించారనుకోండి, కింద స్ప్రింగు పట్టాలు అక్కడే వంగిపోతాయి. సన్న స్టీలు ట్యూబుతో ఫ్రేమ్ చేసి, దానికి పల్చటి షీటు వేయించండి. 200 లీటర్ల నీళ్ల ట్యాంకు అంటే 200 కేజీలు. దాన్ని వెనక చక్రాల అవతల వేలాడదీస్తే ముందు భాగం తేలిక అయిపోయి స్టీరింగ్ నిలవదు. రెండు ఇరుసుల మధ్య, కింద పెట్టించాలి. ఛాసిస్ మీద వెల్డింగ్ పెట్టనివ్వకండి, క్లాంపులూ బోల్టులే. ఎమర్జెన్సీ డోరు ఉన్న వైపు మంచం వేయించి తలుపు మూసేస్తారు కొందరు. ఆ పని మాత్రం నేను ఎంతిచ్చినా చేయను.

కరెంటు: 12 వోల్టుల మీద 1500 వాట్ల ఇండక్షన్ స్టవ్వు నడిస్తే తీగలో 125 ఆంప్స్ పైనే పోతుంది. ఇంటి వైరింగ్ తీగ వేసే ఎలక్ట్రీషియన్‌ని పెట్టుకోకండి. లావు కేబుల్, బ్యాటరీ పక్కనే ఫ్యూజు. బస్సులు తగలబడేది ఇక్కడే.

కృష్ణలంక కుర్రాడు

అంకుల్, కోపం వద్దు గానీ ఒక లెక్క. బస్సు, మార్పులు, టాక్సు, ఇన్సూరెన్సు, డీజిలు అన్నీ కలిపితే ఆ డబ్బుకి పదేళ్లు ఏసీ రూముల్లో ఉండొచ్చు. పొద్దున లేస్తే వేడినీళ్లు, టిఫిను వాళ్లే ఇస్తారు. మన ఎండల్లో రేకు డబ్బాలో పడుకోవడం ఏంటి? బెజవాడ మే నెల మర్చిపోయారా?

బ్రాడీపేట టైలరమ్మ

అన్నయ్య గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. నాకు లేడీస్ టైలరింగ్ షాపు ఉండేది, మా ఆయన లారీల మెకానిక్. ఒక ఫ్యాక్టరీ స్టాఫ్ బస్సు కొని మార్చుకుని తిరుగుతున్నాం. ఇల్లు అమ్మలేదు. కింది వాటా అద్దెకిచ్చాం, ఆ అద్దె డీజిలుకి పోతుంది. ఇల్లు అమ్మే ఆలోచన మీకుంటే మానుకోండి, ఎందుకో తర్వాత చెప్తాను.

మీరు రాసినదాంట్లో నన్ను పట్టుకున్న మాట "ఎవర్నీ అడగక్కర్లేదు" అన్నది. మన దగ్గర బస్సు బతుకంతా అడగడం మీదే నడుస్తుంది. ఎంత అందమైన చోటైనా, అడగడానికి అక్కడ మనిషి లేకపోతే మేం ఆగం. అడగకుండా చెరువు గట్టున ఆపితే రాత్రి పదకొండింటికి తలుపు కొడతారు. కొట్టినవాళ్లది తప్పు కాదు. ఊరి చివర తెలియని బస్సు, కర్టెన్లు వేసి, లోపల లైటు. ఇసుక బ్యాచ్చో, మేకల దొంగలో అనుకుంటారు. అదే సాయంత్రం ఐదింటికి వెళ్లి, దిగి, ఆ ఊరి టీ కొట్టులో టీ తాగి, "ఈ రాత్రికి బండి ఎక్కడ పెట్టుకోమంటారు" అని అడిగి చూడండి. చోటు చూపిస్తారు, పెరుగు పంపిస్తారు, పొద్దున్నే పిల్లల్ని తీసుకొచ్చి లోపల చూపించమంటారు. చూపించండి. చూసినవాళ్లకి అనుమానం ఉండదు.

మొదట్లో పడే ప్రశ్నలు చెప్తాను, తయారుగా ఉండండి. "లోపల ఏ హీరో ఉన్నాడు?" అంటారు, ఎందుకంటే కేరవాన్ అంటే మనవాళ్లకి షూటింగే. తెల్లరంగు బస్సు కాబట్టి నరసరావుపేట అవతల ఒక ఊళ్లో మామ్మలు పుస్తకాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు, 104 బండి అనుకుని. బీపీ మాత్రలు లేవని చెప్పడానికి నాకు చాలా కష్టమైంది. ఏ ఊరు అని అడిగాక రెండో ప్రశ్న "ఏమిటోళ్లు?" దానికి మా ఆయన "మెకానిక్కులం" అంటాడు. ఆ తర్వాత ఎవరిదో ఒకరిది ఆయిలింజను వస్తుంది రిపేరుకి. అదీ ఒక రకంగా అద్దె కట్టడమే.

ఎక్కడ ఆపాలంటే, హైవే మీద పెద్ద పెట్రోలు బంకులు అందరూ చెప్తారు. నిజమే, లైటు ఉంటుంది, టాయిలెట్ ఉంటుంది, కానీ రాత్రంతా లారీల బ్రేకుల చప్పుడు. డీజిలు వాళ్ల దగ్గరే పోయించుకుని మేనేజర్‌ని అడిగితే వెనక వైపు చోటిస్తారు. నాకు నచ్చేది కల్యాణ మండపాలు. పెద్ద ఆవరణ, గేటు, వాచ్‌మన్, బోరు నీళ్లు, వరసగా బాత్‌రూములు. ముహూర్తాలు లేని రోజుల్లో అవన్నీ ఖాళీగా పడి ఉంటాయి. ఆషాఢం, శూన్యమాసం, మూఢం వస్తే అందరూ పెళ్లిళ్లు లేవని దిగులు పడతారు, మాకు మాత్రం సీజను. మేనేజర్‌కి ఫోను చేయించి, వాచ్‌మన్‌కి ఎంతో కొంత చేతిలో పెడితే చాలు. పంచాంగం చూసి రూటు వేసుకునేది మేమేనేమో. గుళ్ల దగ్గర సత్రాల ఆవరణలు కూడా బాగుంటాయి, తిరనాళ్లప్పుడు తప్ప. కోటప్పకొండ మామూలు రోజుల్లో హాయి. శివరాత్రికి బస్సు తీసుకెళ్లారంటే ప్రభల మధ్య ఇరుక్కుంటారు.

ఆగకూడనివి: కొబ్బరిచెట్ల కింద, చెరువు కట్టల మీద, కృష్ణ లంకల్లో ఇసుక మీద. ఇసుక గట్టిగా ఉందనిపిస్తుంది, పొద్దునకి చక్రాలు దిగబడతాయి. ఎగువన నీళ్లు వదిలితే మనకి చెప్పేవాళ్లు ఉండరు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గరికి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, విజయవాడ వాళ్లు మీకు నేను చెప్పాలా. నల్లమలలో రోడ్డు పక్కన రాత్రి ఆగుదాం అనుకోకండి, అది పులుల అడవి. శ్రీశైలం దారిలో అటవీ శాఖ గేట్లు రాత్రి 9కి మూస్తే పొద్దున 6కే తీస్తారు. గేటు ఇవతలే ఏదో ఊళ్లో ఆగి తెల్లారి వెళ్లండి.

పోలీసుల గురించి భయపడ్డారు. మేం చూసినంతలో బీటు కానిస్టేబుళ్లు ఆధార్, ఆర్‌సీ చూసి, ఎక్కడికి పోతున్నారని అడిగి వెళ్లిపోతారు. మా ఆయన ముందే స్టేషన్‌కి వెళ్లి ఫలానా చోట ఉన్నామని చెప్పి వస్తాడు. ఆయనకి అదొక సరదా కూడా, ఏ స్టేషన్‌లోనైనా ఒక పాత జీపు రిపేరులో ఉంటుంది.

ఇక ఎవరూ వీడియోల్లో చెప్పని సంగతి. టాయిలెట్. క్యాసెట్ టాయిలెట్ అని సుమారు 20 లీటర్ల డబ్బా ఉండేది అమ్ముతారు, ఇద్దరికి మూడు రోజులు వస్తుందంటారు. అది కాగితం వాడేవాళ్ల లెక్క. మనం మగ్గు వాడతాం. ఒకటిన్నర రోజుకే నిండుతుంది, నిండాక దాన్ని మోసుకుని పారబోయడానికి చోటు వెతకాలి. మేం సీటు మార్పించాం, కడుక్కున్న నీళ్లు వేరే డబ్బాలోకి పోతాయి, కింద బకెట్లో కొబ్బరి పొట్టు. వాసన రాదు. నీళ్ల డబ్బా బంకు టాయిలెట్లో అడిగి పోస్తాం. పొట్టుది ఎవరైనా తోట వాళ్లని అడిగి బోరుకీ కాలవకీ దూరంగా గొయ్యి తీసి పూడుస్తాం. ఇది వినడానికి ఇబ్బందిగా ఉంటే బస్సు కొనకండి. ఇది రోజూ ఉండే పని, గండికోట సూర్యోదయం ఎప్పుడో ఒకరోజు.

నీళ్లు తాగడానికి ప్రతి ఊళ్లో ప్లాంటు ఉంది, 20 లీటర్ల టిన్ను పట్టుకుపోతే నింపుతారు. వాడకం నీళ్లు బోర్ల దగ్గర అడిగి పట్టుకోవడమే. స్నానం ఒక బకెట్టు, అంతే. మా ఆయనకి షవర్ కావాలని ఉండేది, ట్యాంకు ఆయనే నింపాలన్నాక కోరిక పోయింది.

వంటకి 14.2 కేజీల ఇంటి సిలిండరు బండిలో పెట్టుకోకండి. బంకుల్లో 5 కేజీలది దొరుకుతుంది, అది చాలు. గ్యాసు గాలి కంటే బరువు, లీకైతే నేల మట్టాన పరుచుకుంటుంది, పై కిటికీలు తెరిచి లాభం లేదు. సిలిండరు అరకి అడుగున బయటికి పోయే కన్నాలు ఉండాలి. అన్నం లోపల ఇండక్షన్ మీద, మిగతా వంట బయట పొయ్యి మీద చేస్తాను. ఎండుమిర్చి తాలింపు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లోపల పెట్టకండి. గుంటూరు మిరపకాయ ఘాటు పరుపుల్లోకి ఎక్కి, రాత్రంతా దగ్గుతారు. గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి సీసా ఉంటే సగం రోజులు వంటే అక్కర్లేదు.

కృష్ణలంక బాబుకి సమాధానం. ఎండ నిజమే. మార్చి చివరి నుంచి వానలు పడే దాకా మేం బయటికి రాం. పైకప్పుకి తెల్లరంగు కొట్టించి, లోపల వేడి ఆపే నైట్రైల్ ఫోమ్ అంటించినా మే నెలలో లాభం లేదు. ఏసీ పెట్టించండి అంటారు. మాకున్న లిథియం బ్యాటరీ 12 వోల్టులు, 200 ఆంప్ అవర్లు, అంటే రెండున్నర యూనిట్లు. టన్ను ఏసీ రాత్రంతా ఎక్కడ నడుస్తుంది దాంతో? ఫ్యాన్లు, లైట్లు, చిన్న ఫ్రిజ్, ఒక పూట అన్నం, అంతవరకు పైన సోలారు సరిపోతుంది. వేసవిలో ఇంటికొచ్చి ఆవకాయ పెట్టుకుంటాం. ఇల్లు అమ్మొద్దని అందుకే అన్నాను. న్యూజిలాండ్ వాళ్లు మంచులో కట్టెల పొయ్యి పెట్టుకుని వెళ్లదీస్తారు, మన మే నెలకి పొయ్యి లాంటి మందు లేదు. ఇక డబ్బు లెక్క నీదే కరెక్టు బాబూ. మా బండి లీటరుకి ఏడెనిమిది కిలోమీటర్లు. టోలు కూడా కారు రేటు కాదు, మినీ బస్సు రేటు. మిగులుతుందని మేం తిరగట్లేదు.

అన్నయ్య గారూ, మీరు చివర్లో అడిగింది. కొట్టుకుంటారు. అది కూడా ఎక్కువగా రివర్స్ చేసేటప్పుడు. దిగి వెనక నిలబడి "రా రా" అని అరిచే వాళ్లకి, లోపల వినపడని వాళ్లకి మధ్య ఎన్ని కాపురాలు కూలాయో. మేం ఫోను చేసుకుని స్పీకర్లో పెట్టుకుంటాం. ఇంకొకటి, ఒక చోటు ఇద్దర్లో ఎవరికి నచ్చకపోయినా, కారణం చెప్పలేకపోయినా, వెంటనే బండి తీసేయాలి. వాదన లేదు. చీకటి పడ్డాక అయినా సరే.

మధ్య దారి ఎంత వెడల్పు పెట్టాలో టైలర్ని కదా, మా ఇద్దరి కొలతలు టేపుతో తీసి 26 అంగుళాలు పెట్టించాను. మెకానిక్ 20 చాలన్నాడు. ఆయనదేం పోయింది, వంట చేసేది ఆయన కాదుగా. మీ ఆవిడకి బండి నడపడం నేర్పించండి, మీరు వంట నేర్చుకోండి. ఒకరికి జ్వరం వస్తే రెండోవాళ్లు ఊరు చేర్చగలగాలి. నేను నలభై ఎనిమిదేళ్లప్పుడు నేర్చుకున్నాను.

కాశీ వెళ్లాలంటే ఇంటర్నెట్లో వెతక్కండి. మన జిల్లాల నుంచి యాత్రా బస్సులు వెళ్తాయి కదా, డిక్కీలో గ్యాసు పొయ్యిలు, బియ్యం, వంటవాళ్లతో. ఆ డ్రైవర్లని పట్టుకోండి. నాగపూర్ అవతల ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ పొయ్యి పెట్టుకోనిస్తారు, ఎక్కడ ఆగకూడదు, అంతా వాళ్లకి నోటికి వచ్చు. బస్సులో కాపురం వాళ్లు మనకంటే ఎప్పటి నుంచో చేస్తున్నారు, పేరు పెట్టుకోలేదు అంతే.

తెనాలి టు క్రైస్ట్‌చర్చ్

లెక్చరర్ గారూ, నేను ఇక్కడ న్యూజిలాండ్‌లోనే ఉంటాను, సెలవులకి మేం కూడా వ్యానులో వెళ్తుంటాం. "ఎవర్నీ అడగక్కర్లేదు" అన్నది సగమే నిజం. అడగక్కర్లేదు, ఎందుకంటే అంతా ముందే రాసిపెట్టి ఉంటుంది. ఫ్రీడమ్ క్యాంపింగ్ చట్టం 2011లో వచ్చింది. ఏ ఊళ్లో ఎక్కడ ఆగొచ్చో, ఎన్ని రాత్రులో, ఎక్కడ కూడదో అక్కడి కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది, నిబంధన చేస్తుంది, బోర్డు పెడుతుంది. యాప్‌లో చూసుకుని వెళ్తాం. కూడని చోట ఆగితే 400 డాలర్ల జరిమానా, చెత్త పారేస్తే ఇంకా ఎక్కువ.

2023లో చట్టం గట్టిపడింది. కౌన్సిల్ స్థలాల్లో రాత్రి ఆగాలంటే బండి సెల్ఫ్ కంటెయిన్డ్, అంటే నీళ్లూ టాయిలెట్టూ అన్నీ బండిలోనే ఉన్నాయి, అని సర్టిఫికెట్ ఉండాలి. ముందు నీలం స్టిక్కరు ఉండేది, కొత్తది ఆకుపచ్చ. టాయిలెట్ బండికి బిగించే ఉండాలి, మంచం పరిచి ఉన్నా వాడుకోగలగాలి. పక్కన పెట్టుకునే పోర్టబుల్ డబ్బా ఒప్పుకోరు. మనిషికి రోజుకి 4 లీటర్ల చొప్పున మూడు రోజుల మంచినీళ్లు, వాడిన నీళ్లు పట్టే ట్యాంకు, సింకు, మూత ఉన్న చెత్తబుట్ట ఉండాలి. మీరు చూసిన ఆ పెద్దాయన బస్సులో ఇవన్నీ ఉండే ఉంటాయి, ఆయన చూపించింది పొయ్యి. టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయడానికి ఊరూరా డంప్ స్టేషన్లు ఉంటాయి. టైలరమ్మ గారు గొయ్యి తీయడం గురించి రాసింది చదివి, మాది ఎంత సుఖమో అర్థమైంది.

ఇక్కడ కూడా ఉచితం అన్నది ఒట్టి మాట. 3500 కేజీలు దాటిన హౌస్ బస్సుకి ఎప్పటికప్పుడు ఫిట్‌నెస్ చేయించాలి. డీజిలు బండికి రోడ్డు యూజర్ ఛార్జీలు కిలోమీటర్ల లెక్కన ముందే కొనాలి. నార్త్ ఐలాండ్ నుంచి ఇటు రావాలంటే కుక్ జలసంధి మీద ఫెర్రీ, బస్సు పొడవుని బట్టి టికెట్టు. అందుకే చాలామంది ఒక దీవిలోనే ఏళ్లు గడిపేస్తారు. మోటార్ కేరవాన్ అసోసియేషన్ అని పెద్ద సంఘం ఉంది, సభ్యులకి దాని స్థలాల్లో తక్కువ డబ్బుకి చోటు దొరుకుతుంది. రిటైరైన జంటలు ఎక్కువగా అక్కడే కనిపిస్తారు, సాయంత్రం కుర్చీలు బయట వేసుకుని.

ఒకటి మాత్రం మాకు లేదు టైలరమ్మ గారూ. మేం ఒక చోట నాలుగు రాత్రులు ఉన్నా పక్క బస్సు వాళ్లు చేయి ఊపడం తప్ప, పెరుగు పంపిన దాఖలా లేదు.

కృష్ణలంక కుర్రాడు

ఆంటీ, కల్యాణ మండపం ఐడియా మాత్రం అదుర్స్. మా బాబాయిది ఉంది గొల్లపూడి వైపు. మూఢంలో ఖాళీగానే ఉంటుంది, అడిగి చెప్తా.

కానూరు లెక్చరర్

నమస్తే అండీ, ఇది ఆయన ఐడీనే కానీ రాస్తున్నది నేను, వాళ్ల ఆవిడని. అన్నీ చదివాను. ఆయన టాయిలెట్ దాకా చదివి ఫోను పక్కన పెట్టారు. నేను మాత్రం ఇంకా ఉన్నాను.

టైలరమ్మ గారూ, నాకు మోకాళ్ల నొప్పులు. స్కూలు బస్సు మెట్టు ఎత్తుగా ఉంది. రాత్రి లేవాల్సి వస్తే ఎలా? దోమల సంగతి కూడా చెప్పలేదు మీరు. కిటికీలు తెరవకపోతే ఉక్క, తెరిస్తే దోమలు. జాలీ తలుపులు చేయిస్తే బరువని వెల్డర్ గారు అంటారేమో.

ఆటోనగర్ వెల్డర్

అమ్మా, మెట్టుకి భయపడొద్దు. కింద మడిచి తోసేసే ఇంకో మెట్టు పెట్టొచ్చు, బయటికి లాగితే నేలకి దగ్గరగా వస్తుంది. పక్కన పట్టుకోవడానికి నిలువు రాడ్డు, మీ భుజం ఎత్తుకి. మెట్టు లోపలికి తోయకుండా బండి కదిలితే విరుగుతుంది, అందుకని డ్రైవరు దగ్గర ఒక బజరు పెడతాను. టాయిలెట్ లోపలే ఉంటే రాత్రి దిగే పనే లేదు. సార్‌ని ఆ పేరా మళ్లీ చదవమనండి.

బ్రాడీపేట టైలరమ్మ

వదిన గారూ, మీరే రాయడం మంచిదైంది. మంచం ఎత్తు మీ మోకాలి మడత కంటే రెండంగుళాలు ఎక్కువ పెట్టించుకోండి, లేవడం తేలిక. మామూలుగా కింద డ్రాయర్ల కోసం బాగా ఎత్తు పెట్టేస్తారు, అప్పుడు ఎక్కడానికి స్టూలు కావాలి. టాయిలెట్ మంచానికి కాళ్ల వైపు ఉండాలి, మధ్యలో గడప లేకుండా.

దోమలకి జాలీ తలుపులు వద్దు. నైలాన్ నెట్టు మీటర్ల లెక్కన దొరుకుతుంది, పట్నం బజారులోనూ ఉంటుంది, కొత్తపేటలోనూ ఉంటుంది. తెల్లది తీసుకోకండి, నల్లది తీసుకోండి, బయట కనిపిస్తుంది, మురికి కనపడదు. చుట్టూ అంగుళంన్నర కాటన్ పట్టీ కుట్టి దానికి వెల్క్రో. వెల్క్రో బస్సుకి అతికించే వైపు జిగురు ఒకటే నమ్ముకోకండి, ఎండకి ఊడి వస్తుంది, చిన్న స్క్రూలు కూడా వేయించండి. తలుపుకి మాత్రం మధ్యలో చీలిక పెట్టి అయస్కాంతం పట్టీ కుట్టాలి, చేతిలో గిన్నె ఉన్నా భుజంతో తోసుకుని వచ్చేయొచ్చు. కింద అంచులో సన్న గొలుసు పెట్టి మడిచి కుడితే గాలికి లేవదు.

బస్సు కొన్నాక కిటికీ కొలతలు పంపండి, నేనే కుట్టి ఇస్తాను. అద్దం కొలవకండి, చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు బయటి అంచు నుంచి అంచుకి కొలవండి. ప్రతి కిటికీ విడిగా కొలవాలి, ఒకే బస్సులో కూడా రెండు కిటికీలు ఒక్క సైజులో ఉండవు.